ఆ పాస్‌వర్డ్ ఎవరిని ఆపుతుంది?

ఈసారి ఉత్తరాలన్నీ డేటాబేస్ ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైళ్ల చుట్టూనే తిరిగాయి. ఆఫీసులో ఏదో ఒక కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన డేటాబేస్. దానికి ఇప్పుడు ఉన్నట్టుండి పాస్‌వర్డ్ కావాలి. ఎవరి నుంచి దాచాలో మాత్రం ఎవరూ రాయరు! ఫైలు కాపీ చేసుకుపోయే బయటివాళ్ల నుంచా, పక్క సీట్లో కూర్చుని అదే ఫైలు వాడేవాళ్ల నుంచా? ఇది తేలకుండా నేను జవాబు రాయలేను. యాక్సెస్‌లో పాస్‌వర్డ్ అనిపించుకునేవి చాలానే ఉన్నాయి. వాటిలో డేటాను నిజంగా దాచేది ఒక్కటే.

ప్రశ్న: మాది చిన్న క్లినిక్. పేషెంట్ల వివరాలు యాక్సెస్‌లో పెట్టుకున్నాం. పాస్‌వర్డ్ పెడదామని ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ నొక్కితే, డేటాబేస్ ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచి ఉండాలని మెసేజ్ వస్తోంది. వాడేది నేనొక్కదాన్నే, ఇంకెవరూ తెరవలేదు. ఇంకేం కావాలండీ దానికి? (ఫ్రంట్ డెస్క్ చూసుకునే పాఠకురాలు)

జవాబు: మీరొక్కరే తెరిచినా, ఇంకెవరైనా వస్తారేమో అన్నట్టుగానే యాక్సెస్ ఫైలును తెరుస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే మామూలుగా అంతే. పాస్‌వర్డ్ పెట్టడమంటే లోపలున్న డేటా అంతటినీ అది లేకుండా చదవలేని రూపంలోకి మార్చి రాయడం (ఎన్‌క్రిప్ట్ అంటే ఇదే) కాబట్టి, ఆ సమయంలో మరొకరు చొరబడకూడదు. అందుకని ‘నేను తప్ప ఇంకెవరూ వద్దు’ అని మీరు ముందే చెప్పి తెరవాలి.

ముందుగా ఫైలు మూసేయండి. అది ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి, అదే పేరుతో చివర ‘ఎల్ఏసీసీడీబీ’ అని ఉన్న చిన్న ఫైలు కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ఎవరో ఇంకా తెరిచి ఉంచారన్నమాట. వేరే కంప్యూటర్‌లో మినిమైజ్ చేసి మరిచిపోయిన విండో కావచ్చు, లేదా యాక్సెస్ మధ్యలో ఆగిపోయి మిగిలిపోయిందీ కావచ్చు. అన్ని కంప్యూటర్లలోనూ యాక్సెస్ మూశాక కూడా అది పోకపోతే చేత్తో తీసేయవచ్చు.

తర్వాత మొత్తం ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఇది మొక్కుబడిగా చెప్పే మాట కాదు. ఎన్‌క్రిప్ట్ అవుతుండగా కరెంటు పోతే మీకు మిగిలేది ఆ కాపీయే.

ఇప్పుడు ఫైలు మీద కాకుండా యాక్సెస్ ప్రోగ్రామ్ మీద క్లిక్ చేసి, ఖాళీగా తెరవండి. ఫైల్, ఓపెన్, బ్రౌజ్ వరసలో వెళ్లి మీ డేటాబేస్‌ను ఒక్కసారి మాత్రమే క్లిక్ చేసి ఎంచుకోండి. కింద ఓపెన్ అనే బటన్ పక్కనే చిన్న బాణం గుర్తు ఉంటుంది. చాలామంది దాన్ని ఏనాడూ గమనించి ఉండరు. దాన్ని నొక్కితే ‘ఓపెన్ ఎక్స్‌క్లూజివ్’ కనిపిస్తుంది, అలా తెరవండి. ఆపైన ఫైల్, ఇన్ఫో, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్. మీది 2007 వెర్షన్ అయితే ఇదే బటన్ డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లో ఉంటుంది.

పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ పెట్టెలో మీరు కొట్టేది చుక్కలుగానో నక్షత్రాలుగానో తప్ప కనిపించదు. మీ కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు కూడా ఉండి, అప్పటికి అదే ఆన్‌లో ఉంటే, ఇంగ్లీషు అనుకుని కొట్టినవి తెలుగు అక్షరాలై కూర్చుంటాయి. రెండుసార్లూ అవే వేళ్లు, అవే మీటలు కాబట్టి యాక్సెస్ ఏ అభ్యంతరమూ చెప్పదు. మర్నాడు ఇంగ్లీషు కీబోర్డుతో తెరవబోతే మొదలవుతుంది అసలు టెన్షన్. క్యాప్స్ లాక్‌తోనూ ఇదే గొడవ, పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ ఒకటి కావు. నేనైతే నోట్‌ప్యాడ్‌లో ఒకసారి కొట్టి, కంటితో చూసుకుని, ఆ తర్వాత పెట్టెలో కొడతాను. 20 అక్షరాలు దాటనివ్వకండి. అందులో పట్టే నాలుగు సంబంధంలేని చిన్న మాటలు కలిపి రాసుకుంటే, గుర్తులూ అంకెలూ కలగలిపిన ఎనిమిది అక్షరాల కంటే మేలు.

ఓకే నొక్కగానే ఇంకో మెసేజ్ రావచ్చు. బ్లాక్ సైఫర్‌తో (అదొక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేస్తే రో లెవెల్ లాకింగ్ పనిచేయదు అని దాని సారాంశం. చాలామంది ఇక్కడ భయపడి క్యాన్సిల్ కొట్టేస్తారు. ఇది ఎర్రర్ కాదండీ. ఇద్దరు ఒకేసారి పనిచేస్తున్నప్పుడు ఒకరు దిద్దుతున్న రికార్డును మాత్రమే ఆపి ఉంచడం రో లెవెల్ లాకింగ్. అది పోతే, ఆ రికార్డు ఉన్న 4 కేబీల ముక్క, అంటే పేజీ, మొత్తం ఆగుతుంది. అంటే అదే పేజీలో ఉన్న పక్క రికార్డును దిద్దబోయిన రెండో మనిషి క్షణకాలం ఆగాల్సి వస్తుంది. మీరొక్కరే వాడుతున్నారు కాబట్టి మీకీ బెడద లేదు, ఓకే అనేయండి.

ఇక మూసి, మళ్లీ మామూలుగా తెరిచి, పాస్‌వర్డ్ అడుగుతోందో లేదో చూడండి. అడిగి తెరుచుకుంటే, ఇందాక తీసిన కాపీని ఏం చేయాలన్నది మిగిలింది. దానికి పాస్‌వర్డ్ లేదు కదా! అది డెస్క్‌టాప్ మీదే ఉంటే మీరు ఇంతసేపు పడ్డ శ్రమ వృథా. నేను చూసిన ఆఫీసుల్లో తరచూ దొరికేది ఇదే. అసలు ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది. పోయిన నెల తీసిన కాపీ పెన్‌డ్రైవ్‌లోనూ, ఇంకోటి మెయిల్ అటాచ్‌మెంట్‌గానూ, ఎవరో ఎక్సెల్‌లోకి ఎగుమతి చేసుకున్న పేషెంట్ల లిస్టు డౌన్‌లోడ్స్‌లోనూ తిరుగుతుంటాయి. వాటిని వెతికి తీసేయండి, రీసైకిల్ బిన్‌తో సహా. ఇక నుంచి బ్యాకప్ కావాలంటే ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలునే కాపీ చేసుకోండి. దానికీ అదే పాస్‌వర్డ్ వర్తిస్తుంది.

ప్రశ్న: మా గోడౌన్ డేటాబేస్‌ను రెండుగా విడగొట్టి, టేబుల్స్ ఉన్న ఫైలు సర్వర్‌లో, ఫారాలున్న ఫైలు ఒక్కొక్కరి కంప్యూటర్‌లో పెట్టాం. సర్వర్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టగానే అందరి దగ్గరా ఫారాలు తెరుచుకోవడం మానేశాయి, పాస్‌వర్డ్ చెల్లదంటోంది. తీసేయమంటారా? (స్టాక్ లెక్కలు రాసే పాఠకుడు)

జవాబు: తీసేయకండి. సర్వర్ ఫైలు మారింది, మీ కంప్యూటర్లలోని లింకులకు ఆ సంగతి తెలియదు. ఫారాలున్న ఫైలులో, పేరు పక్కన చిన్న బాణం ఉన్న టేబుల్స్ కనిపిస్తాయి. అవి లింకులు. వాటిని డిలీట్ చేస్తే లింకు మాత్రమే పోతుంది, డేటా ఎక్కడికీ పోదు. బాణం లేని టేబుల్ జోలికి మాత్రం వెళ్లకండి, అది నిజం టేబుల్. తర్వాత ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లోంచి సర్వర్ ఫైలును ఎంచుకుని, ఇంపోర్ట్ కాకుండా లింక్ అన్న రెండో ఆప్షన్ పెట్టండి. పాస్‌వర్డ్ అప్పుడు ఒకసారి అడుగుతుంది, మళ్లీ అడగదు.

మళ్లీ ఎందుకు అడగదు అన్నదే మీరు ఆలోచించాల్సిన ప్రశ్న. అడగడం లేదంటే ఎక్కడో రాసి పెట్టుకుందనే కదా అర్థం. రాసిపెట్టుకున్నది మీ ఫారాల ఫైలులోనే, ఎమ్‌సిస్‌ఆబ్జెక్ట్స్ అనే సిస్టమ్ టేబుల్‌లో, కనెక్ట్ అనే కాలమ్‌లో. ఏ మరుగూ లేకుండా, మామూలు అక్షరాల్లో! నావిగేషన్ ఆప్షన్స్‌లో ‘షో సిస్టమ్ ఆబ్జెక్ట్స్’ టిక్ పెడితే ఎవరైనా చదువుకోవచ్చు. గుమాస్తా మేజా మీద ఫారాల ఫైలు ఉందంటే సర్వర్ పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉన్నట్టు.

కాబట్టి ఫారాల ఫైలును కూడా ఎన్‌క్రిప్ట్ చేయండి. ఇందులో ఒక సౌకర్యముంది. రెండు ఫైళ్లకూ ఒకే పాస్‌వర్డ్ ఉండనక్కర్లేదు. ఒక్కొక్కరి కాపీకి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టవచ్చు. ఎవరి పాస్‌వర్డ్ వారికి తెలుస్తుంది, సర్వర్ ఫైలుది మీ ఒక్కరికే తెలుస్తుంది. ఒకరు ఉద్యోగం మానేస్తే ఆ కంప్యూటర్‌లోని కాపీ తీసేస్తారు. అంత మాత్రాన అందరినీ కూర్చోబెట్టి కొత్త పాస్‌వర్డ్ చెప్పాల్సిన పని ఉండదు. ఇంత చేసినా, తన కాపీని తెరిచి లోపలికి వెళ్లిన మనిషి తలుచుకుంటే ఆ సిస్టమ్ టేబుల్ చూడగలడు. మానేసిన మనిషి మీద అనుమానముంటే సర్వర్ పాస్‌వర్డ్ కూడా మార్చాల్సిందే. ఈ ఏర్పాటు బయటివాళ్లను ఆపుతుంది. మీ స్టాఫ్‌ను ఆపదు.

మీ ఫైలును ఎక్కువమంది ఒకేసారి వాడుతున్నట్టున్నారు. పై జవాబులో చెప్పిన లాకింగ్ ఇబ్బంది మీకు తగలవచ్చు. ఆప్షన్స్‌లో, క్లయింట్ సెట్టింగ్స్ అడుగున, ఎన్‌క్రిప్షన్ మెథడ్ దగ్గర ‘లెగసీ’ అన్నది ఎంచుకుంటే అది తగ్గుతుంది, ఎన్‌క్రిప్షన్ బలమూ తగ్గుతుంది. నేనైతే డిఫాల్ట్‌లోనే ఉంచి, జనం నిజంగా విసుక్కుంటున్నారేమో కొన్నాళ్లు చూస్తాను. ఒకవేళ మార్చాలనుకుంటే, ముందు పాస్‌వర్డ్ తీసేసి, ఆప్షన్ మార్చి, తిరిగి పెట్టాలి. ఆప్షన్ ఒక్కటీ మారిస్తే పాత ఫైలులో ఏమీ మారదు.

ప్రశ్న: మా లైబ్రరీ డేటాబేస్ పాత ఎండీబీ ఫైలు. అందులో ఎవరికి ఏ టేబుల్ కనిపించాలో యూజర్ల వారీగా పెట్టి ఉండేది. కొత్త ఫార్మాట్‌లోకి మార్చాక ఆ పర్మిషన్లన్నీ మాయమయ్యాయి. మేం ఏదైనా స్టెప్ వదిలేశామా? (లైబ్రేరియన్)

జవాబు: మీరేమీ వదిలేయలేదు. 2007లో యాక్సెస్ కొత్త ఏసీసీడీబీ ఫార్మాట్ తెచ్చినప్పుడు యూజర్ల వారీ పర్మిషన్ల పద్ధతిని అందులోంచి తీసేశారు. ఎండీబీ ఫైళ్లలో అదింకా పనిచేస్తుంది. కొత్తదానిలో మాత్రం ఫైలుకంతటికీ ఒకటే పాస్‌వర్డ్. తెలిసినవాళ్లకు అంతా తెలుస్తుంది, తెలియనివాళ్లకు ఏమీ తెలియదు.

అలాగని ఎండీబీలోకి వెనక్కి వెళ్లిపోకండి. ఎండీబీ పాస్‌వర్డ్ గురించి నేను మొహమాటం లేకుండా చెబుతాను, అది పేరుకే పాస్‌వర్డ్. ఫైలు మొదట్లోనే, పైపైన మరుగుపరిచి రాసి ఉంటుంది. ఆ మరుగు తీసి చూపించే చిన్న చిన్న ప్రోగ్రాములు ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. వాటికి ఊహించే పని కూడా లేదు, ఉన్నది చదివి చెప్పేస్తాయి. ఏసీసీడీబీలో అలా కుదరదు, డేటాయే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అందులోనూ 2010 నుంచి ఇంకా బలమైన పద్ధతి వచ్చింది. మీ ఫైలుకు 2007 వెర్షన్‌లో పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, ఇప్పటి వెర్షన్‌లో ఒకసారి తీసి మళ్లీ పెట్టండి.

ఇంకా మార్చని పాత ఫైళ్లు అటకెక్కి ఉంటే ఇప్పుడే దించండి. యాక్సెస్ 97 నాటి ఫైళ్లను 2013 నుంచి వచ్చిన వెర్షన్లు తెరవనే తెరవవు. వాటిని ముందుగా 2010లోనో అంతకు ముందు వెర్షన్‌లోనో మార్చుకోవాలి. ఆ వెర్షన్ ఉన్న కంప్యూటర్ ఎక్కడైనా బతికి ఉంటే జాగ్రత్తగా చూసుకోండి.

ప్రశ్న: నేను లాగిన్ ఫారం తయారుచేశాను. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒక టేబుల్‌లో ఉంటాయి, సరిపోతేనే మెయిన్ మెనూ వస్తుంది. టేబుల్స్ జాబితా కనిపించే నావిగేషన్ పేన్ కూడా దాచేశాను. ఇంతకు మించి ఎన్‌క్రిప్షన్ అవసరమా? మావాళ్లు దీన్నే మెచ్చుకుంటున్నారు. (అకౌంట్స్‌లో పనిచేసే పాఠకుడు)

జవాబు: మెచ్చుకోదగ్గ పనే. కానీ అది గోడల్లేని ఇంటికి వీధి గుమ్మం. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని ఫైలు తెరిచి చూడండి. మీ లాగిన్ ఫారం రాదు, దాచిన పేన్ వచ్చేస్తుంది. ‘అలౌ బైపాస్ కీ’ అన్న ప్రాపర్టీతో షిఫ్ట్‌ను ఆపవచ్చు, నాకు తెలుసు. అప్పుడు ఇంకొకరు ఖాళీ డేటాబేస్ ఒకటి తెరిచి, అందులోకి మీ టేబుల్స్‌ను లింక్ చేసుకుంటారు. లేదంటే ఎక్సెల్‌లో గెట్ డేటా నొక్కి మీ ఫైలును చూపిస్తారు. జీతాల టేబుల్ వరసగా వచ్చి పడుతుంది. మీరు పెట్టిన పాస్‌వర్డ్‌ల టేబుల్ కూడా దాంతోపాటే వస్తుంది. అందులో ఉన్నవి జనం తమ మెయిల్‌కూ బ్యాంకుకూ వాడే పాస్‌వర్డ్‌లే అయి ఉండవచ్చు, అది ఇంకా పెద్ద ప్రమాదం. వాటిని మామూలు అక్షరాల్లో ఉంచకండి. అసలు పాస్‌వర్డ్ అడగకుండా విండోస్ లాగిన్ పేరునే కోడ్‌తో చదివి వాడుకుంటే ఆ టేబులే అక్కర్లేదు.

ఎవరు ఏ ఎంట్రీ చేశారో రాసుకోవడానికి, పొరపాటున వేరేవాళ్ల స్క్రీన్‌లోకి వెళ్లకుండా ఉండటానికి లాగిన్ ఫారం పనికొస్తుంది. ఉంచండి. దాని వెనక ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, అంతే.

ఇదే ఉత్తరంలో ఏసీసీడీఈ గురించి కూడా అడిగారు. అలా మార్చిన ఫైలులో వీబీఏ కోడ్ (యాక్సెస్‌లో రాసే ప్రోగ్రామ్) ఎవరూ చదవలేరు, ఫారాల డిజైన్ మార్చలేరు. టేబుల్స్ మాత్రం మామూలుగానే తెరుచుకుంటాయి. వీబీఏ ప్రాజెక్టుకు విడిగా పెట్టే పాస్‌వర్డ్ కూడా కోడ్‌కే పరిమితం. ఈ రెండూ మీ శ్రమను కాపాడతాయి, జీతాల వివరాలను కాపాడవు.

జీతాల టేబుల్ ఒకరికి కనిపించాలి, ఇంకొకరికి కనిపించకూడదు అన్నదే మీ అసలు అవసరమైతే, యాక్సెస్ ఫైలుతో ఎంత కుస్తీ పట్టినా అది నెరవేరదు. టేబుల్స్‌ను మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సర్వర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చండి. అది ఉచితమే. మీ ఫారాలు యాక్సెస్‌లోనే ఉంటాయి, టేబుల్స్‌కు మాత్రం లింకులుంటాయి. ఎవరికి ఏది కనిపించాలో అక్కడ మనిషి మనిషికీ నిర్ణయించవచ్చు. అంత పని ఇప్పుడే వద్దనుకుంటే, జీతాల టేబుల్ ఒక్కదాన్నీ వేరే ఫైలులో పెట్టి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫైలును సంబంధిత వ్యక్తి ఫోల్డర్‌లో ఉంచండి. అందంగా ఉండదు గానీ పనిచేస్తుంది.

ప్రశ్న: పాస్‌వర్డ్ మరిచిపోయాం. పెట్టినాయన ఇప్పుడు అందుబాటులో లేరు. ఆన్‌లైన్‌లో ఫైలు అప్‌లోడ్ చేస్తే తీసిస్తామంటున్నారు. పంపమంటారా? (సభ్యుల రిజిస్టర్ చూసే కార్యదర్శి)

జవాబు: పంపవద్దు. మీ సభ్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న ఫైలును, ముక్కూమొహం తెలియనివారి చేతికి మీరే అందించినట్టవుతుంది. ఫైలు పాత ఎండీబీ అయితే వాళ్ల అవసరమే లేదు, పైన చెప్పినట్టు అది మీ కంప్యూటర్‌లోనే బయటపడుతుంది. ఏసీసీడీబీ అయి, పాస్‌వర్డ్ పొడవైనదైతే వాళ్ల వల్లా కాకపోవచ్చు. దానికి దొడ్డిదారి లేదు. పోయిన పాస్‌వర్డ్‌ను తిరిగి తెచ్చే ఏర్పాటు యాక్సెస్‌లో ఎక్కడా పెట్టలేదు.

కానీ చేతులెత్తేసే ముందు కొన్నిచోట్ల వెతకండి. డేటాబేస్ రెండు ఫైళ్లుగా ఉందా? ఉంటే, ఇందాక తిట్టిన ఆ సిస్టమ్ టేబులే ఇప్పుడు మీ పాలిట దేవుడు. ఫారాల ఫైలు తెరిచి కనెక్ట్ కాలమ్ చూడండి, ‘పీడబ్ల్యూడీ’ అన్న మూడక్షరాల పక్కన సమాధానం ఉంటుంది. ఒకే ఫైలైతే, దాని నుంచి డేటా తీసుకునే ఎక్సెల్ షీటో మెయిల్ మెర్జ్ లెటరో ఎవరైనా తయారుచేశారేమో కనుక్కోండి. వాటి కనెక్షన్ వివరాల్లోనూ పాస్‌వర్డ్ మిగిలిపోయి ఉండవచ్చు. తెలిసిన పాస్‌వర్డే పనిచేయడం లేదన్న అనుమానముంటే, క్యాప్స్ లాక్ వేసి ఒకసారి, కీబోర్డు భాష మార్చి ఒకసారి కొట్టి చూడండి. ఇవన్నీ అయ్యాక, పాస్‌వర్డ్ పెట్టకముందు తీసిన కాపీ ఏ పాత హార్డ్ డిస్క్‌లోనైనా ఉందేమో చూడాలి. క్లినిక్ పాఠకురాలిని తీసేయమన్న కాపీయే మీకు దొరకాలని కోరుకుంటున్నాను. విచిత్రమే, ఏం చేస్తాం.

దొరికాక కొత్త పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవర్లో అంటించి, సంఘం బీరువాలో పెట్టించండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదనే నియమం మానిటర్‌కు అంటించేవాళ్ల కోసం. ఒకే మనిషి జ్ఞాపకం మీద మొత్తం రిజిస్టర్ ఆధారపడటం అంతకంటే అన్యాయం. కంప్యూటర్ అలవాటున్నవారైతే కీపాస్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లో కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే ఆ ఫైలుకు కాపీ ఇంకోచోట ఉండాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంది. డేటాబేస్‌కు మళ్లీ పాస్‌వర్డ్ ఎందుకు? (పేరు రాయలేదు)

జవాబు: బిట్‌లాకర్ అంటే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సౌకర్యం. స్విచాఫ్ చేసి ఉన్న ల్యాప్‌టాప్‌ను ఎవరైనా ఎత్తుకుపోతే అది ఆపుతుంది. మీరు లాగిన్ అయి టీ తాగడానికి లేచి వెళ్తే ఆపదు. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా, మెయిల్‌లో పంపినా దాని రక్షణ వెంట రాదు. డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం ఫైలుతోపాటే వెళ్తుంది. రెండూ ఉంచుకోండి.

ప్రశ్న: యాక్సెస్ కాదు, మా అబ్బాయి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌తో ఒక ప్రోగ్రామ్ రాసిచ్చాడు. పాస్‌వర్డ్ పెట్టమంటే కుదరదంటున్నాడు. వాడికి చేతకాకా, నిజంగానే కుదరదా? (ఒక తండ్రి)

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమేనండీ. ఉచితంగా దొరికే మామూలు ఎస్‌క్యూలైట్‌లో పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ రెండూ లేవు. ఫైలు చేతికొస్తే ఎవరైనా తెరవవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉన్న అదనపు భాగాన్ని దాన్ని తయారుచేసినవాళ్లే విడిగా అమ్ముతారు. డబ్బు పెట్టకుండా కావాలంటే ఎస్‌క్యూఎల్‌సైఫర్ అనే ఓపెన్ సోర్స్ రూపం ఉంది, ఫైలు మొత్తాన్ని 256 బిట్ల ఏఈఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ప్రోగ్రామ్‌లో డేటాబేస్ తెరిచే చోట కీ, అంటే పాస్‌వర్డ్, ఇవ్వాలి, ఇప్పుడున్న డేటాను కొత్త ఫైలులోకి ఎగుమతి చేయాలి. ఆ కీని ప్రోగ్రామ్ కోడ్‌లోనే రాసేయవద్దని, తెరిచిన ప్రతిసారీ మీ చేత కొట్టించుకోమని అబ్బాయికి చెప్పండి.